అవార్డుల రాత్రి మిగిలేది పాటే

సంగీత అవార్డుల సభల గురించి మన దగ్గర ఒక అభిప్రాయం పాతుకుపోయింది. శాస్త్రీయ సంగీతం తెలిసిన పెద్దలు, సినిమా పేజీలు రాసే విలేకరులు, టిక్కెట్టు కొని కచేరీలకు వెళ్లే కుర్రకారు ఏకమయ్యే విషయాలు తక్కువ. ఈ ఒక్కదాంట్లో మాత్రం అందరిదీ ఒకే మాట. "అక్కడ సంగీతం ఏముంది? లైట్లు, పొగ, మెరుపు బట్టలు, గంతులు. పాట ముందే రికార్డు చేసిపెట్టుకుని వేదిక మీద పెదవులు ఆడిస్తారు. తెల్లారితే జనానికి గుర్తుండేది ఎవరు మైకు లాక్కున్నారు, ఎవరు జారిపడ్డారు అన్నదే. పాట కావాలనుకునేవాడు అటు వెళ్లనక్కర్లేదు."

ఈ అభిప్రాయం తప్పు. కొంత తప్పు, కొంత ఒప్పు అని సర్దుకుపోయే రకం కూడా కాదు. గ్రామీ అవార్డులు 1959లో మొదలయ్యాయి, 1971 నుంచి టీవీలో ప్రత్యక్షంగా వస్తున్నాయి. ఇన్నేళ్ల చరిత్ర తిరగేస్తే కనిపించేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ట్రోఫీల జాబితాలు మరుగున పడ్డాయి. గొడవలు పాతబడ్డాయి. ఆ సభల్లో నిజంగా గొంతెత్తి పాడిన పాటలు మాత్రం ఇవాళ్టికీ జనం వెతుక్కుని వింటున్నారు. పైగా అవార్డు తీర్పు తప్పిన రాత్రుల్లో ఆ తప్పును అక్కడికక్కడే ఎత్తిచూపిందీ పాటే.

దీని మీద ఇంత పట్టుదలగా వాదించడానికి కారణం ఉంది. ఈ చిన్నచూపు మన సభల నిర్వాహకులకు మంచి సాకుగా పనికొస్తోంది. ఎలాగూ అక్కడ సంగీతం ఉండదని అందరూ ఒప్పేసుకున్నాక, సంగీతం ఏదని అడిగేవాడు ఉండడు.

ముందుగా, గొడవలే గుర్తుంటాయన్న వాదన చూద్దాం. దాన్ని పరీక్షించడానికి 1998 ఫిబ్రవరి 25 రాత్రి చాలు. న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో 40వ గ్రామీ సభ. గొడవలకు కొదవ లేని రాత్రి. బాబ్ డిలన్ పాడుతుండగా వెనకాల నిలబెట్టిన వాళ్లలో ఒకతను చొక్కా విప్పేసి, ఛాతీ మీద 'సోయ్ బాంబ్' అన్న రాతతో ముందుకొచ్చి ఒళ్లు విరుచుకుంటూ గంతులేశాడు. షాన్ కొల్విన్ అవార్డు అందుకోవడానికి వస్తే, ఓల్ డర్టీ బాస్టర్డ్ అనే రాపర్ మైకు పట్టుకుని తన బృందానికి రావాల్సిన అవార్డు రాలేదని ఫిర్యాదు మొదలెట్టాడు. మర్నాటి పత్రికలకు అంతకంటే ఏం కావాలి?

అదే రాత్రి ఇంకొకటి జరిగింది. ఇటలీ గాయకుడు లూచానో పావరొట్టి పుచ్చీని రాసిన 'టురాన్‌డాట్' ఆపెరాలోంచి 'నెస్సున్ డోర్మా' పాడాల్సి ఉంది. సభ నడుస్తుండగా కబురొచ్చింది: గొంతు బాగాలేదు, రాలేను. ప్రత్యక్ష ప్రసారం సాగుతోంది. ఆర్కెస్ట్రా, బృందగాయకులు సిద్ధంగా ఉన్నారు. నిర్మాత కెన్ ఎర్లిక్ అరీతా ఫ్రాంక్లిన్ ఉన్న గదికి పరుగెత్తాడు. రెండు రోజుల ముందు పావరొట్టి గౌరవార్థం జరిగిన మ్యూజికేర్స్ విందులో ఆమె ఇదే పాట పాడింది. ఆ ఒక్క ఆశతో అడిగాడు.

ఇందులో ఉన్న సాహసం ఎంతటిదో పాట తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వాద్యబృందం ముందున్న స్వరపత్రాలు మగ టెనర్ గొంతుకు, పావరొట్టి శ్రుతికి రాసినవి. వాటిని మార్చే వ్యవధి లేదు. ఆమెతో ఆ బృందం ఒక్కసారి కూడా సాధన చేయలేదు. ఆమె వయసు 55 ఏళ్లు. చర్చిలో, తండ్రి పాదిరీగా ఉన్న చోట, పాడుతూ పెరిగిన మనిషి. ఆమె చేసిందల్లా పావరొట్టి సాధన టేపు తెప్పించుకుని వినడం. వినేసి, పాడతానంది. వేదిక మీదికి వచ్చి, అతని శ్రుతిలోనే అందుకుంది. ఇటలీ మాటలను తన చర్చి బాణీలో సాగదీసింది, విరిచింది, పైస్థాయికి వెళ్లాల్సిన చోట భయం లేకుండా వెళ్లింది. ఆపెరా పండితులు తప్పులు పట్టదలుచుకుంటే పట్టొచ్చు. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఇప్పుడు చెప్పండి. ఆ రాత్రి రెండు గొడవలు ఏమయ్యాయి? క్విజ్ ప్రశ్నల్లో బతుకుతున్నాయి. అరీతా పాట ఏమైంది? 2018 ఆగస్టు 16న ఆమె చనిపోయినప్పుడు ప్రపంచమంతా మళ్లీ తీసి విన్నవాటిలో ఆ 'నెస్సున్ డోర్మా' ఒకటి. గొడవ సంగతి ఒకసారి తెలుసుకుంటే సరిపోతుంది, రెండోసారి దాంతో పని లేదు. పాట రెండోసారి, పదోసారి కూడా కావాలి. గుర్తుండటం అంటే ఇదే. పాతికేళ్ల తర్వాత కూడా మనిషి తనంతట తాను దాని దగ్గరికి తిరిగి వెళ్లడమే దానికి కొలత. ఆ కొలతకు గొడవలు ఏనాడూ అందలేదు.

రెండో వాదన ఇంతకంటే బలమైనది. అక్కడ పాడేది ఎవరు, అంతా పెదవుల ఆటే కదా అంటారు. ఇలా అనేవాళ్లు మిల్లీ వనిల్లీ పేరు తీస్తారు. తీయాలి కూడా. 1990 ఫిబ్రవరిలో ఆ జంట ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ అందుకుంది. అదే వేదిక మీద రికార్డుకు పెదవులు ఆడించింది. ఆ ఏడాది నవంబరులో తేలిందేమిటంటే, ఆల్బంలో ఉన్న గొంతులే వాళ్లవి కావు. అవార్డును వెనక్కి తీసుకున్నారు.

ఈ ఉదంతాన్ని ఎదుటివాళ్లు తమ సాక్ష్యంగా చూపిస్తారు. నేను నా సాక్ష్యంగా చూపిస్తాను. అవార్డుల సభలో గొంతుకు విలువే లేదని జనం అనుకుని ఉంటే, ఆ అబద్ధం బయటపడ్డప్పుడు అంత ఆగ్రహం ఎందుకు పుట్టింది? నిజం ఉంటుందని నమ్మిన చోటే మోసం జరిగిందన్న బాధ పుడుతుంది. ఇచ్చిన అవార్డును తిరిగి తీసుకునేదాకా పరిస్థితి వెళ్లిందంటే, పాడేవాడు పాడాలన్న నియమం జనం మనసులో ఎంత గట్టిగా ఉందో అర్థం చేసుకోవాలి.

మైకేల్ జాక్సన్ సంగతి కూడా ఎత్తుతారు. 1983 మార్చిలో పసడీనాలో మోటౌన్ సంస్థ 25 ఏళ్ల పండుగ జరిగింది. అది అవార్డుల సభ కాదు గానీ ఇలాంటి చర్చల్లో దాని ప్రస్తావన రాక తప్పదు. 'బిల్లీ జీన్' పాటకు అతను మొదటిసారి మూన్‌వాక్ వేసింది అక్కడే. వినిపించింది రికార్డు. నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ అక్కడ లోకం గుర్తుపెట్టుకున్నది ఏమిటి? ఆ కాళ్లను. ఆ కాళ్లు రికార్డు కావు. తప్పితే అందరి ముందూ తప్పేవి. ప్రేక్షకుడు ఎప్పుడైనా దాచుకునేది ఆ క్షణంలో ఎదురుగా నిజంగా జరిగినదాన్నే. ఐదేళ్ల తర్వాత, 1988 మార్చి 2న గ్రామీ వేదిక మీద అదే మనిషి బృందగాయకులను వెంటబెట్టుకుని 'మాన్ ఇన్ ది మిర్రర్' గొంతు చించుకుని పాడాడు. ఆ ఏడాది ఉత్తమ ఆల్బం అవార్డు యు2 బృందానికి వెళ్లింది. అతను ఓడిన రాత్రి అని ఎవరూ చెప్పుకోరు. పాడిన రాత్రి అనే చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం దాచకుండా చెప్పాలి. ఈ రోజుల్లో వేదిక మీద వినిపించే ప్రతి శబ్దమూ అప్పటికప్పుడు పుట్టింది కాదు. వెనక కోరస్, కొన్ని వాద్యాలు ట్రాక్ మీద వస్తాయి. గాయకుల చెవుల్లో ఇన్-ఇయర్ మానిటర్లు ఉంటాయి, లయ తప్పకుండా వాటిలో క్లిక్ వినిపిస్తూ ఉంటుంది. దీన్ని నేను మోసం అనను. తంబూరా స్థానంలో శ్రుతిపెట్టె వచ్చినంత మాత్రాన కచేరీ అబద్ధం కాలేదు. నేను గీసే గీత ఒక్కటే: ప్రధాన గొంతు ఆ క్షణంలో ఆ మనిషి నోట్లోంచి రావాలి. గీతకు ఇవతల పాట, అవతల నటన.

మూడో వాదన కొంచెం వేరు. "పాడినా కూడా అది స్టూడియో రికార్డు అంత బాగుండదు, అందులో లోపాలుంటాయి" అంటారు. ఉంటాయి. అవార్డుల సభలో పాడటం కచేరీలో పాడటం కంటే కష్టం. కచేరీలో మొదటి రెండు పాటల్లో గొంతు సర్దుకోవచ్చు, ఇక్కడ ఉన్నదే ఒక్క పాట. ఒకరు పాడుతుండగా ఇంకొకరికి సామాను అమరుస్తుంటారు. ఎదురుగా కూర్చున్నది అభిమానులు కాదు, తోటి గాయకులు, పోటీదారులు.

2016 గ్రామీ సభలో అడెల్‌కు ఇదే అనుభవమైంది. పియానోలో అమర్చిన మైకు జారి తీగల మీద పడింది, ఏదో గిటారు మోగినట్టు వింత శబ్దం. ఆమె ఆగకుండా పాట ముగించింది. మర్నాడు విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది, 2017 ఫిబ్రవరి 12న, జార్జ్ మైకేల్‌కు నివాళిగా పాడటానికి అదే వేదిక మీదికి వచ్చింది. 2016 క్రిస్మస్ రోజున చనిపోయాడు ఆయన. ఆయన 'ఫాస్ట్‌లవ్' పాటను నెమ్మదిగా, శోకగీతంలా మలుచుకుంది. మొదలుపెట్టిన కాసేపటికే ఏదో తేడా వచ్చింది. ఈసారి ఆమె ఆపేసింది. కోట్లమంది చూస్తున్న ప్రసారంలో, ఆయన పాటను ఇలా పాడు చేయలేనని చెప్పి, క్షమించమని అడిగి, మళ్లీ మొదటినుంచి అందుకుంది. కళ్లనీళ్లతో ముగించింది. సభ లేచి నిలబడింది.

లోపం లేని పాట ఎవరికి కావాలి అని నేను అడగడం లేదు. లోపం లేకుండా పాడాలన్న తపన ఎదురుగా కనిపించడమే ప్రత్యక్షంగా పాడటంలో ఉన్న విలువ అంటున్నాను. స్టూడియోలో ఇరవై సార్లు పాడి మంచివి ఏరి అతికిస్తారు, ఆ ఇరవై సార్లూ మనకు తెలియవు. ఆ రాత్రి అడెల్ రెండోసారి పాడటానికి ఎందుకు తెగించిందో చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ తెలియడం ఏ రికార్డూ ఇవ్వలేదు.

ఆర్భాటం లేకపోతే జనం చూడరన్న మాట కూడా ఇక్కడే తేల్చాలి. 2011 ఫిబ్రవరి 15న లండన్ ఓ2 అరీనాలో బ్రిట్ అవార్డుల సభ. పెద్ద పెద్ద హంగుల మధ్య అడెల్ ఒక పియానో పక్కన నిలబడి 'సమ్‌వన్ లైక్ యూ' పాడింది. నాట్యకారులు లేరు, తెర మీద బొమ్మలు లేవు. చివర్లో ఆమె గొంతు పూడుకుపోయింది. అప్పటిదాకా బ్రిటన్ చార్టుల్లో ఎక్కడో అడుగున ఉన్న పాట, ఆ వారంలోనే మొదటి స్థానానికి చేరింది. ఒక్క పియానో, ఒక్క గొంతు చేసిన పని అది.

అలాగని హంగు ఉంటే పాట ఉండదనీ నేను అనను. 2016 గ్రామీ సభలో కెండ్రిక్ లమార్ చేతులకు సంకెళ్లతో, ఖైదీల వరసలో నడిచొచ్చి పాడాడు. వెనక జైలు ఊచలు, ఆ తర్వాత మంటలు, డప్పులు, చివరికి తెర మీద ఆఫ్రికా ఖండం పటం, దాని మీద అతను పుట్టి పెరిగిన కాంప్టన్ ఊరి పేరు. హంగు చాలానే ఉంది. కానీ ఆ హంగులన్నీ అతని మాటకు కట్టుబడి నడిచాయి, ఊపిరి తీసుకోవడానికి కూడా వీల్లేని వేగంలో అతను ఆ మాటలు విసురుతూనే ఉన్నాడు. ఆ ఏడాది ఉత్తమ ఆల్బం అవార్డు అతనికి రాలేదు. అయినా ఆ సభ పేరెత్తితే మొదట గుర్తొచ్చేది అతనే.

ఇక నా వాదనలో అసలైన భాగానికి వస్తాను. అవార్డు తీర్పు తప్పినప్పుడు పాట ఏం చేసిందన్నది.

1989 ఫిబ్రవరి 22, లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియం. ర్యాప్ సంగీతానికి గ్రామీ సంస్థ మొట్టమొదటిసారి అవార్డు పెట్టింది, కానీ దాన్ని టీవీలో ఇవ్వడానికి మాత్రం ఇష్టపడలేదు. దానికి నిరసనగా గెలిచిన జంటే సభకు రాలేదు. ఆ రాత్రి ఐర్లండ్ నుంచి వచ్చిన సినేడ్ ఓ'కానర్ అనే కొత్త గాయని 'మండింకా' పాడింది. గుండు చేయించుకున్న తల మీద పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం గుర్తు వేయించుకుని వచ్చింది. తెర మీదికి రానివ్వని సంగీతాన్ని తన తల మీద తెర మీదికి తెచ్చింది. ఉపన్యాసం ఇవ్వలేదు. పాడి వెళ్లిపోయింది.

అదే సభలో మెటాలికా బృందం 'వన్' అనే పాట వాయించింది. హార్డ్ రాక్, మెటల్ సంగీతానికి ఆ ఏడాదే కొత్తగా అవార్డు పెట్టారు. చూస్తున్నవాళ్లకు అనుమానమే లేదు. కవరు విప్పితే జెత్రో టల్ పేరుంది. ఆ బృందం సభకు రానే లేదు. హాల్లో గేలి మొదలైంది. మరుసటి ఏడాది అదే 'వన్' పాటకు మెటాలికాకు అవార్డిచ్చి సంస్థ తప్పు దిద్దుకుంది. కానీ అసలు తీర్పు ఆ రాత్రే, వాళ్లు వాయించినప్పుడే వెలువడింది.

అదే సభలో ఇంకో అమ్మాయి కూడా ఉంది. ట్రేసీ చాప్‌మన్. గిటారు పట్టుకుని 'ఫాస్ట్ కార్' పాడింది. 35 ఏళ్లు గడిచాయి. ఆమె వేదికలకు దూరంగా ఉండిపోయింది. ఆ పాట పుట్టినప్పటికి పుట్టని ల్యూక్ కోంబ్స్ అనే కంట్రీ గాయకుడు 2023లో దాన్ని మళ్లీ పాడి అమెరికా చార్టుల్లో రెండో స్థానం దాకా తీసుకెళ్లాడు. 2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. గిటారు మీద ఆ పరిచితమైన వరస మొదలవగానే కెమెరా ఆమె ముఖం మీదికి వెళ్లింది, హాలు ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. కోంబ్స్ పాట మీద ఆధిపత్యం చూపించే ప్రయత్నమే చేయలేదు. ఆమె పాడే పంక్తుల దగ్గర ఆమెనే చూస్తూ, శబ్దం రాకుండా పెదవులతో ఆ మాటలు అనుకుంటూ నిలబడ్డాడు. ఈ చర్చలో నేను సమర్థించే పెదవుల కదలిక అదొక్కటే. అతనికి ఆ ఏడాది ఆ పాటకు గ్రామీ రాలేదు. ఎవరికొచ్చిందో ఎంతమందికి గుర్తుంది? చాప్‌మన్ పాత రికార్డు మాత్రం ఆ రాత్రి తర్వాత మళ్లీ చార్టులకెక్కింది.

అదే రాత్రి 80 ఏళ్ల జోనీ మిచెల్ గ్రామీ వేదిక మీద మొదటిసారి పాడింది. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, మాట, నడక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిన మనిషి. కుర్చీలో కూర్చుని, ఇరవైల్లో తాను రాసిన 'బోత్ సైడ్స్ నౌ' పాడింది. గొంతు కిందికి దిగిపోయింది, వేగం తగ్గింది. పాటలోని అనుభవం మాత్రం ఇప్పటికి ఆమెదైంది. ఈ రెండు పాటలూ జరిగిన చోటును సంగీతం లేని చోటు అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

ఇదంతా టీవీ వ్యాపారం అని ఇంకా అంటారేమో. వ్యాపారమే. గ్రామీల్లో 90కి పైగా విభాగాలుంటే, వాటిలో అత్యధిక భాగం మధ్యాహ్నమే పంచేస్తారు. ప్రధాన ప్రసారంలో ఇచ్చేవి పది, అటూ ఇటూ. మిగతా సమయమంతా పాటలకే. ప్రకటనల డబ్బు కోసమే అలా చేసి ఉండొచ్చు. కానీ మూడున్నర గంటల ప్రసారాన్ని నిలబెట్టేది పాడేవాళ్లే అని ఆ వ్యాపారులకు కూడా అర్థమైందన్నమాట. మన విమర్శకులకు అర్థం కానిది అదే.

ఇప్పుడు మన సంగతి. మన సినిమా అవార్డుల సభ ఎలా జరుగుతుందో చూసినవాళ్లందరికీ తెలుసు. హీరోయిన్ వచ్చి నాలుగైదు పాటల మెడ్లీకి డాన్సు చేస్తుంది, పాట ట్రాక్ మీద మోగుతుంది. ఆ పాటల్లో ఒకటి పాడిన గాయని కింద కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఉత్తమ గాయని అవార్డుకు పేరు పిలుస్తారు, ఆమె పైకి వస్తుంది, మెమెంటో చేతిలో పెడతారు. అప్పుడు యాంకర్ అంటుంది: "మా కోసం రెండు లైన్లు పాడరా ప్లీజ్." చేతిలో మెమెంటో, పక్కన అతిథులు, వెనక వాద్యం లేదు, శ్రుతి లేదు. ఆమె పల్లవి రెండు లైన్లు అందుకుంటుంది. పాట అందుకునేలోపే చప్పట్లు, మ్యూజిక్ బిట్, తర్వాతి అవార్డు. ఏ పాటకు అవార్డిచ్చారో ఆ పాటకు ఆ సభలో దక్కిన చోటు అంత.

"మనది ప్లేబ్యాక్ సంప్రదాయం, తెర మీద పెదవులు ఆడించడం మనకు అలవాటే" అని దీన్ని సమర్థించేవాళ్లున్నారు. ప్లేబ్యాక్‌లో ఒక మనిషి నిజంగా పాడతాడు, తెర వెనక ఉంటాడు. ఆ మనిషి ఏడాదికొక్కసారైనా తెర ముందుకు రావాల్సిన చోటే అవార్డుల సభ. ఈ హక్కు కోసం పోరాడిన చరిత్ర కూడా మనకుంది. 1957 ఫిలింఫేర్ సభలో 'చోరీ చోరీ' సంగీతానికి శంకర్-జైకిషన్‌కు అవార్డు వచ్చింది. అందులోని 'రసిక్ బల్మా' పాడమని లతా మంగేష్కర్‌ను అడిగారు. ఆమె పాడనంది. గాయకులకు మీ దగ్గర అవార్డే లేనప్పుడు నేనెందుకు పాడాలి, వాద్యాల మీద వాయించుకోండి అంది. 1959లో ఫిలింఫేర్ నేపథ్య గాయకులకు అవార్డు పెట్టింది, 'మధుమతి'లోని పాటకు మొదటిది ఆమెకే దక్కింది. అవార్డుల సభలో ఒక గొంతుకున్న బలం ఎంతో ఇంతకంటే ఏం కావాలి? పాడితే సభను నిలబెడుతుంది, పాడనంటే సభ తీరునే మారుస్తుంది.

"మన ప్రేక్షకులకు హీరోలు కావాలి, గాయకులు కాదు" అన్నది చివరి వాదన. ఇది తెలుగువాడి చెవిని అవమానించడం. హరిశ్చంద్రలో కాటి సీను పద్యం రాగం తీస్తే, హార్మోనియం తప్ప ఆసరా లేని ఆ గొంతుకు 'వన్స్ మోర్' కొట్టి మళ్లీ పాడించుకున్నది మన తాత ముత్తాతలే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి, పేరు కూడా తెలియని పిల్లలు ఆర్కెస్ట్రాతో పాడుతుంటే, బాలు గారు ఒక్కో సంగతినీ విప్పి చెబుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. అక్కడ ఏ హీరో ఉన్నాడు?

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. అది ఆస్కార్ సభ, అవి సినిమా అవార్డులే అయినా ఆ వేదిక మీద పాట ఒక తీర్పు. 'నాటు నాటు' పాటకు ఎన్టీఆర్, రామ్ చరణ్ ఆడలేదు. నాట్యం చేసినవాళ్లలో మనవాళ్లు లేకపోవడం మీద విమర్శలొచ్చాయి, అవి న్యాయమైనవే. మనకు అక్కడ ఉన్నది ఇద్దరు గాయకులు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. చంద్రబోస్ రాసిన పల్లె మాటలను, కీరవాణి కట్టిన ఆ వేగాన్ని ఒక్క అక్షరం మార్చకుండా తెలుగులో పాడారు. ఒక్క ముక్క తెలుగు రాని హాలు లేచి నిలబడింది. హీరోలు లేకుండా, మన నాట్యకారులు లేకుండా ఆ ఇద్దరి గొంతులు నిలబెట్టిన పాట అది. అలాంటి ఇద్దరికి మన ఊళ్లో, మన సభలో, పాట మొత్తం పాడే అవకాశం ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటి?

కాబట్టి అవార్డుల సభలు నడిపేవాళ్లను సూటిగా అడుగుతున్నాను. ఆ ఏడాది అవార్డు వచ్చిన ప్రతి పాటనూ పాడినవాళ్ల చేతే, వాద్యబృందంతో, పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడించండి. వాళ్లకు సౌండ్ చెక్ చేసుకునే సమయం ఇవ్వండి. వాయించేవాళ్ల పేర్లు తెర మీద వేయండి. ట్రాక్ పెట్టాల్సి వస్తే పెట్టండి, కానీ దాన్ని 'లైవ్' అని మాత్రం పిలవకండి. డాన్సు మెడ్లీలు ఉండనివ్వండి, వాటి పక్కన పాటకు ఒక్క అరగంట కేటాయించండి.

తెలంగాణ ప్రభుత్వం తన సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టుకుంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు, ఇవే ఆయన సామగ్రి. మైదానాల్లో లక్షల మంది ముందు ఆయన గొంతు ఏ ట్రాకు మీదా ఆధారపడలేదు. ఆయన పేరు పెట్టుకున్న వేదిక మీద పాట మొదట నిజంగా వినిపించాలి. మిగతా సభలు ఆ దారి పట్టాలి.

పాఠకులకూ ఒక మాట. ఈసారి ఏ అవార్డుల సభ చూసినా, పాడుతున్నది నిజమా కాదా అని చెవి పెట్టి వినండి. నిజమైతే చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టండి. కాకపోతే కొట్టకండి. పాట నిజంగా పాడించుకునే అధికారం నిర్వాహకుల కంటే మన చేతుల్లోనే ఎక్కువ ఉంది.